ఇంగ్లండు రాణి, యారాడ నూకరాజు, నా పాత నోట్సు

చరిత్ర లెక్చరర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు గోపాలపట్నంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ సగం కాకముందే ఒకటే ప్రశ్న అడుగుతారు: "మేడమ్, నోట్సు ఎలా తయారుచేసుకోవాలి?" ఆ మాట వినగానే నాకు నవ్వూ వస్తుంది, గుండెలో కలుక్కుమనడమూ ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే మూడు వాక్యాలు చాలవు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ ప్రిన్సిపాల్ నా సెలవు ఎందుకు కోసేశాడో ఇందులో ఉండదు. అవి నాకే గుర్తులేవు. గుర్తున్నది ఒక తప్పు, ఒక పెద్దమనిషి, ఒక విద్యార్థి.

ఏడింటి సెక్షన్

మాది కృష్ణా జిల్లా. మా ఆయనకు విశాఖ పోర్టులో ఇంజనీరింగు విభాగంలో ఉద్యోగం రావడంతో ఈ ఊరొచ్చాం. డెబ్బైల మొదట్లో నాకు ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర లెక్చరరుగా పని దొరికింది. కొత్తవాళ్లకు ఎవరూ కోరుకోని క్లాసు ఇవ్వడం అన్ని కాలేజీల్లో ఉన్నదే. నాకు ఉద్యోగస్తుల బి.ఏ. సెక్షన్ ఇచ్చారు. పొద్దున్న ఏడింటికి మొదలై పదింటికి ముగిసేది.

ఆ క్లాసులో కూర్చునేవాళ్లలో సగం మంది రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లు. ముడి ఇనుము ఎత్తే చోట పనిచేసేవాళ్ల చొక్కాల మీద ఎర్ర దుమ్ము ఉండేది. వాళ్లు లేచి వెళ్లాక బెంచీల మీద కూడా ఉండేది. ఊరికి దక్షిణాన ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక అక్కడినుంచీ కొందరు వచ్చి చేరారు. ముప్పై ఏళ్లవాళ్లు, పిల్లల తండ్రులు, ఆవులింత ఆపుకుంటూ ఐరోపా చరిత్ర రాసుకునేవాళ్లు. అంత గౌరవించదగ్గ విద్యార్థులు నాకు మళ్లీ దొరకలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు. మర్యాద తెలియని మొద్దులనుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అనుకున్న మాట నిజం.

వాళ్లలో నూకరాజు ఒకడు. యారాడలో చేపలుపట్టే కుటుంబం. పోర్టులో బరువులెత్తే కళాసీగా చేసేవాడు. ఆఖరి బెంచీలో గుమ్మం పక్కన, ఎవరైనా లేవమంటే వెంటనే లేచిపోవడానికి వీలుగా, అంచు మీద కూర్చునేవాడు. పోర్టులో గుమస్తా పోస్టులు పడబోతున్నాయి, దానికి డిగ్రీ ఉండాలి. ఆ ఏడు పరీక్ష గట్టెక్కకపోతే అతనికి వయసు దాటిపోతుంది. ఇంకెప్పటికీ కళాసీయే. ఈ విషయం క్లాసులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

పసుపుపచ్చ కాగితాలు

నోట్సు సంగతికి వస్తాను. నేను చేరిన రోజున, వెళ్లిపోతున్న లెక్చరరు గారు నాకు ఒక కట్ట ఇచ్చారు. అంచులు పసుపుపచ్చబారిన కాగితాలు. ఆయనకు దాన్ని అంతకుముందున్నాయన ఇచ్చారట. మా వృత్తిలో అదొక ఆచారం. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు వచ్చేవాళ్లకు తాళంచెవి ఇచ్చినట్టు, నోట్సు చేతులు మారుతుంది. ఎవరు రాశారో, ఏ పుస్తకం చూసి రాశారో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఏడేళ్లు క్లాసులో అదే చదివాను, విద్యార్థులు రాసుకున్నారు.

అందులో క్రిమియా యుద్ధం పాఠంలో ఒక పేరా ఉంది. రష్యా మీద ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి చేసిన యుద్ధం అది. "యుద్ధము ముగిసిన పిమ్మట ఫ్రాన్సు చక్రవర్తి ఇంగ్లండును, ఇంగ్లండు రాణి పారిస్ నగరమును దర్శించి విజయోత్సవములలో పాల్గొనిరి." అంతే. గెలిచారు, పండగ చేసుకున్నారు, విందులు తిన్నారు. నేను పైనుంచి ఒక కథ కలిపేదాన్ని, నిద్రపోయేవాళ్లను లేపడానికి. పారిస్ నాటకశాలలో ఇంగ్లండు రాణి, ఫ్రెంచి మహారాణి పక్కపక్కన నిలబడి ప్రజలకు నమస్కారాలు చేశారట. కూర్చునేటప్పుడు ఫ్రెంచి మహారాణి కుర్చీ ఉందో లేదోనని వెనక్కి చూసుకుందట. ఇంగ్లండు రాణి చూసుకోలేదట. పుట్టుకతో రాణికి కుర్చీ ఉండే తీరుతుందని తెలుసు కదా. ఇది నిజమో కట్టుకథో ఇప్పటికీ తెలియదు గానీ, ఆ కథకు క్లాసు మొత్తం నవ్వేది. నూకరాజు మాత్రం నవ్వేవాడు కాదు, తల వంచుకుని రాసుకునేవాడు.

పబ్లిక్ పరీక్షకు ముందు మేం సెలక్షన్ పరీక్ష పెట్టేవాళ్లం. అందులో తప్పినవాళ్లను పంపేవాళ్లం కాదు. ఆ ఏడు క్రిమియా ప్రశ్న ఇచ్చాను. నూకరాజు పేపరు దిద్దుతుంటే ఇలా ఉంది: "నోట్సులో రాసినది సరికాదు. ఈ రెండు ప్రయాణాలు యుద్ధం జరుగుతుండగానే జరిగినవి. పండగ కోసం కాదు, పొత్తు చెడిపోకుండా ఉండడం కోసం." కింద రెండు పేజీలు వివరంగా రాశాడు.

నేను ఆ రెండు పేజీలు చదవలేదు. మొదటి వాక్యం దగ్గరే నాకు తల తిరిగిపోయింది. ఆవులిస్తూ క్లాసులో కూర్చునే కళాసీ నా నోట్సు తప్పంటాడా? అడ్డంగా ఎర్రగీత గీసి సున్నా వేశాను. ఆరు మార్కుల తేడాతో తప్పాడు.

మర్నాడు స్టాఫ్ రూమ్ కి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి నా బల్ల ముందు నిలబడ్డాడు. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమని నేననలేదు.

"మేడమ్, నాను రాసింది ఓపాలి సదవండి" అన్నాడు.

"నేను చెప్పింది రాయనివాడి పేపరు నేనెందుకు చదవాలి?" అన్నాను.

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాటినుంచి క్లాసుకు రాలేదు.

మా పెద్దాయన చెప్పిన పాఠం

మా విభాగానికి పెద్ద జగన్నాథం మాస్టారు. ఆనందపురం పక్క రైతు కుటుంబం. ఇంగ్లీషులో ఉపన్యాసం ఎంత ధాటిగా ఇచ్చేవారో, స్టాఫ్ రూమ్ లో అంత ధాటిగా సొంత ఊరి భాష మాట్లాడేవారు. తప్పినవాళ్ల పేపర్లు ప్రతి ఏడూ ఆయన ఒకసారి తిరగేసేవారు. వారం తరవాత నూకరాజు పేపరు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఏటమ్మా, ఈ గీత నువ్వు గీసిందేనా?"

"అవునండీ. నోట్సునే తప్పుపట్టాడు."

"తప్పయితే తప్పనడా మరి?" అని నా ఎదురుగా కూర్చున్నారు. "ఎం.ఏ. అయినాక ఈ యుద్ధం మీద పుస్తకం ఏదైనా సదివినావా తల్లీ? కోప్పడకు, అడుగుతన్నాను."

నేను చదవలేదు. మా లైబ్రరీలోనే ఒక పుస్తకం ఉందనీ, నేను చేరినప్పటినుంచీ అది ఎవరి చేతికీ వెళ్లలేదనీ ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆయన తెప్పించి నా ముందు పెట్టారు. తరవాత గంటసేపు చెప్పారు. నా ఉద్యోగజీవితంలో నేను విన్న గొప్ప పాఠం అదే.

ఆ చెప్పిన తీరు ఏదో మన వియ్యాలవారి రాకపోకల గురించి చెప్పినట్టే ఉంది. పద్దెనిమిది వందల యాభై అయిదు ఏప్రిల్. రష్యావాళ్ల సెవస్తపోల్ కోట చుట్టూ ఇంగ్లండు, ఫ్రాన్సు సైన్యాలు రెండూ బురదలో కూరుకుపోయి ఉన్నాయి. ఫ్రెంచి చక్రవర్తి తానే యుద్ధభూమికి వెళ్లి సేనను నడుపుతానని పట్టుబట్టాడు. వెళ్లి ఓడితే సింహాసనం ఊడుతుంది. గెలిస్తే పేరంతా ఫ్రాన్సుదే, పొత్తు పగులుతుంది. వెనక పారిస్ లో ఏం జరుగుతుందో చెప్పలేం. మంత్రులు చెప్పారు, రాయబారులు చెప్పారు, వినలేదు.

"అప్పుడు రాణిగారు ఇంటికి పిలిసినారమ్మా" అన్నారు మాస్టారు. "అదీ తెలివంటే. ఉత్తరాలకి లొంగనోడు మర్యాదకి లొంగినాడు."

ఎంత మర్యాద! ఈ చక్రవర్తి పెదనాన్నే కదా ఒకప్పుడు ఇంగ్లండును గడగడలాడించింది, వాటర్లూలో వాళ్ల చేతిలోనే ఓడి, దూరపు దీవిలో వాళ్ల ఖైదీగానే పోయింది. రాణిగారి కోటలో ఆ విజయం పేరుతోనే పెద్ద హాలుంది. అతిథి ఉన్నన్నాళ్లూ ఆ హాలును వేరే పేరుతో పిలిచారని చెబుతారు. అక్కడే రాణి ఆయనతో నాట్యం చేసింది. దేశంలో అన్నిటికన్నా పెద్ద బిరుదు ఇచ్చి, ఆ బిరుదు తాలూకు పట్టీ ఆయన కాలికి తానే కట్టింది. విందుల మధ్యలోనే యుద్ధం మాటలూ నడిచాయి. ఇంటికి తిరిగి వెళ్లాక ఆయన యుద్ధభూమి ప్రయాణం మానుకున్నాడు.

ఆగస్టులో రాణి తిరుగు ప్రయాణం. కొన్ని వందల ఏళ్లుగా ఇంగ్లండు ఏలినవాళ్లెవరూ పారిస్ గడప తొక్కలేదు. ఈవిడ తొక్కింది. అక్కడితో ఆగకుండా ఆ పెదనాన్న శవపేటిక ఉన్న చోటికి వెళ్లింది. బయట ఉరుములు, లోపల దివిటీలు. తమ వంశానికి పరమ శత్రువు ముందు, ఆయన తమ్ముడి కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడింది. తన కొడుకును మోకరిల్లమంది. అప్పటికింకా సెవస్తపోల్ పడలేదు. మరుసటి నెలలో పడింది.

"మొదటిపాలి వాటర్లూ మాట దాసినారు, రెండోపాలి దాని ముందుకే వెళ్లి తల వంచినారు" అన్నారు మాస్టారు. "రెండూ కావాల. దాపరికంతో మొదలెట్టొచ్చు, దాంతోనే సరిపెట్టకూడదు."

తరవాత నూకరాజు పేపరులో నేను చదవని రెండు పేజీలూ చదివాను. మాస్టారు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. వాటర్లూ హాలు పేరు మార్చిన సంగతి కూడా ఉంది. నా మొహం కందగడ్డయిపోయింది.

యారాడ

పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపడానికి ఇంకా పది రోజుల గడువుంది. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి నూకరాజుకు మళ్లీ పరీక్ష పెట్టడానికి ఒప్పించాను. కబురు ప్యూనుతో పంపిద్దామన్నాను. మాస్టారు కళ్లజోడు తీసి నాకేసి చూశారు.

"రాణిగారు పారిస్ కి ప్యూన్ని పంపిందా?"

ఆదివారం ఉదయం ఇద్దరం బయల్దేరాం. పడవ మీద హార్బరు కాలువ దాటి, కొండెక్కి అటు దిగితే యారాడ. మాస్టారు ఇస్త్రీ పంచె కట్టుకుని, కొబ్బరిచెట్ల మధ్య ఇసుకలో నిజంగా రాయబారిలాగే నడిచారు. "మార్కులు మాట ముందు నువ్వెత్తకు. వాళ్లమ్మ ముందు తప్పినాడన్న మాట అసలొద్దు" అని దారంతా చెబుతూనే ఉన్నారు.

తాటాకు ఇల్లు. మమ్మల్ని దూరంనుంచే చూసినట్టున్నారు, వాకిలి అప్పుడే చిమ్మి నీళ్లు చల్లారు. నూకరాజు తల్లి ఎదురొచ్చింది. "రండి బాబూ, రండమ్మా, కూకోండి. మా ఇంటికి మేస్టర్లొచ్చినారా!" అంటూ కంగారుపడిపోయింది. ఎవరింటినుంచో ఇనుప కుర్చీ ఒకటి తెచ్చి మాస్టారికి వేశారు. నాకు పీట. నూకరాజు కింద కూర్చున్నాడు. బొండాలు కొట్టి ఇచ్చారు.

మాస్టారు వలల గురించి, ఆ ఏడు పడిన చేప గురించి తల్లితో మాట్లాడుతున్నారు. నా చూపు గోడవారన ఉన్న చిన్న బల్ల మీద పడింది. దాని మీద పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. మధ్యలో ఒకటి లాగేసినంత ఖాళీ. పక్కనే మడతపెట్టిన వల. వల కిందనుంచి నీలం అట్ట మూల ఒకటి బయటికి కనబడుతోంది. అట్ట చిరిగిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, ఆ మూల మీద క్రిమియా అన్న అక్షరాలు.

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. అతను చదివిన పుస్తకం అదే. పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాల బండి మీద కొన్నదట, తరవాత తెలిసింది. మేం రావడం చూడగానే దాన్ని తీసి వల కింద దాచాడు. నా కంటపడితే నేను చిన్నబుచ్చుకుంటానని. సున్నా వేసి, నిలబెట్టి పంపించేసిన నాకు, తన ఇంట్లో, నొప్పి కలగకూడదని. ఆ తాటాకు ఇంట్లో వాటర్లూ హాలు పేరు మార్చేశాడు నా విద్యార్థి. అంతటి మర్యాద నేను ఏ కోటలోనూ ఆశించలేను.

అయినా నా నోట నిజం రాలేదు. "కూడికలో పొరపాటు జరిగింది నూకరాజూ. సోమవారం మళ్లీ పరీక్ష పెడుతున్నాం, రా" అన్నాను.

అతను వల వైపు చూడలేదు. "కూడికలో ఎవులికైనా వస్తాది మేడమ్" అన్నాడు నెమ్మదిగా. కొంచెం ఆగి అడిగాడు: "సోమవారం మల్లీ అదే పశ్న వస్తే ఏటి రాయాల? నోట్సులో ఉన్నదా, నిజమా?"

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన బొండంలో నీళ్లు మహా శ్రద్ధగా తాగుతున్నారు. "సోమవారం క్లాసులో చెబుతాను. ముందు క్లాసుకు రా" అన్నాను. తిరుగు దారిలో మాస్టారు నాకోసం ఆగకుండా ముందు ముందే కొండెక్కారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

సోమవారం

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందని చెప్పను. క్లాసు ముందు తప్పు ఒప్పుకుంటే ఇక ఎవరూ నా మాట వినరని భయం. ఏడింటికి వెళ్లాను. నూకరాజు తన అంచు మీద ఉన్నాడు. అలవాటు ప్రకారం అందరూ నోటుపుస్తకాలు తెరిచారు.

"ఏడేళ్లుగా నేను మీకు, మీ ముందువాళ్లకు ఒక పాఠం తప్పు చెప్పాను" అన్నాను. "చదవకుండా చెప్పాను. తప్పని ఒకరు రాస్తే, ఆ రాసింది చదవకుండా సున్నా వేశాను. కూడికలో పొరపాటు జరగలేదు. నాలోనే జరిగింది. పాత పేరా కొట్టేసి ఇది రాసుకోండి."

పసుపుపచ్చ కాగితాలు బల్ల సొరుగులో పెట్టాను. నూకరాజు పేపరు తీసి, నా ఎర్రగీత ఉన్నదాన్నే, మొదటి వాక్యంనుంచి డిక్టేట్ చేశాను. నలభై కలాలు కదిలాయి. ఏప్రిల్ ప్రయాణం, మార్చిన పేరు, ఆగస్టు ప్రయాణం, ఉరుముల్లో శవపేటిక ముందు వంచిన తల. అతని వాక్యాలు నా నోటితో చదువుతుంటే ఎంత బాగా రాశాడో అప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు వచ్చాయి. దాచుకోలేదు.

సగంలో చూస్తే నూకరాజు కలం పట్టుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు రాసుకోవేం?" అన్నాను, పాత అలవాటు కొద్దీ గద్దిస్తూ.

"నాది నానేటి రాసుకుంతాను మేడమ్?" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. ఈసారి అతనూ నవ్వాడు. నా మాట ఇక ఎవరూ వినరనుకున్నాను కదా, ఆ రోజునుంచి ఆ సెక్షన్ లో ఎవరూ ఆవులించినట్టు నాకు గుర్తులేదు. ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. నేను రాత్రిళ్లు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మీరు అడిగే నోట్సు ఎలా తయారుచేసుకోవాలో నాకు తెలిసింది ఇంతే: ప్రతి ఏడూ ఒకసారి పుస్తకం ముందు పెట్టుకుని మీ నోట్సును మీరే అనుమానించండి. ఎవడైనా తప్పని రాస్తే, గీత గీసేముందు చివరిదాకా చదవండి. గీశాకే తెలిస్తే, కబురు పంపకుండా మీరే వెళ్లండి.

తిరుగు ప్రయాణం

నూకరాజు ఆ ఏడు మళ్లీ పెట్టిన పరీక్షా, పబ్లిక్ పరీక్షా రెండూ గట్టెక్కాడు. గుమస్తా అయ్యాడు. పోర్టు వైపు బస్సులో ఎప్పుడైనా కనబడితే లేచి నిలబడేవాడు. "మా ఇంటికి రావయ్యా" అని ప్రతిసారీ అనేదాన్ని. "వస్తాను మేడమ్" అనేవాడు, వచ్చేవాడు కాదు. జగన్నాథం మాస్టారు పోయిన రోజున కూడా జనం వెనక, అంచున నిలబడ్డాడు.

ఎనభైల చివర్లో నేను రిటైరయ్యాను. దండలు, శాలువా, గోడగడియారం అయిపోయాయి. ఆ వచ్చిన ఆదివారం పదింటికి గేటు చప్పుడయింది. నూకరాజు, భార్య. చేతిలో నీలం అట్ట పుస్తకం, కొత్తగా బైండు చేయించినది.

"ఇన్నాళ్లకా?" అన్నాను కోపంగా.

"మీరు కుర్చీలో ఉండగా వస్తే ఏదో పని మీదొచ్చినానని అనుకుంతారు మేడమ్" అన్నాడు. "ఇప్పుడైతే ఊరికే వచ్చినట్టు."

పుస్తకం నా చేతిలో పెట్టాడు. లోపలి అట్ట మీద ఏమీ రాయలేదు. వల నూలు పోగు ఒకటి పేజీ గుర్తుగా ఉంది. తెరిచి చూస్తే రాణి శవపేటిక ముందు నిలబడిన పేజీ. కూర్చోమని ఎదుటి కుర్చీ చూపించాను.

నా కళ్లలోకి చూస్తూనే, వెనక్కి తిరక్కుండా, నిబ్బరంగా కూర్చున్నాడు. నేను కూర్చోబోతూ, కుర్చీ ఉందో లేదోనని ఒకసారి వెనక్కి చూసుకున్నాను.